బడియం దెందఱు పట్టుదురు?



సంఘముల వార్షికసభలయందు దాతలు లేచి, ఫలానాయూర ఒక పాఠశాలయో, ఒక వసతిగృహమో కట్టింతుమని వాగ్దానము చేయుట మనకు పరిపాటి. ఇరువదవ శతాబ్దారంభమునుండి తెలుగునాట పెక్కు కులసంఘములు ఈ మార్గముననే విద్యాసేవ సాగించినవి. 1918లో హైదరాబాదున నెలకొన్న రెడ్డి హాస్టలు వానిలో ప్రసిద్ధమైనది. విద్యాదానముకొఱకు గృహమును కట్టించుట మహాపుణ్యమనుటలో సందేహము లేదు. అయితే ద్రవ్యమెంత, స్థలమెక్కడ, పేరెవరిది అను మూడు ప్రశ్నలను మనవారు తప్పక వేయుదురు గాని, ఆ యింట ఎందఱు బాలబాలికలు పట్టుదురు అను నాలుగవ ప్రశ్నను వేయువారు అరుదు. వేసినను, మేస్త్రి నోట వచ్చిన సంఖ్యతో తృప్తి పడుదురు. ఆ నాలుగవ ప్రశ్నకు ఒక చరిత్రము కలదు. దానిని పాఠకమహాశయుల యెదుట నుంచుటయే ఈ వ్యాసముయొక్క ప్రయోజనము.

ఎస్టేటన్నంతనే మనవారికి జమీందారీ స్ఫురించును. మదరాసు రాష్ట్రమున 1948 నాటి శాసనముతో ఆ ఎస్టేటుల కథ ముగిసినది. బ్రిటనుదేశమున మాత్రము ఈ పదమునకు వేఱొక యర్థము కూడ నేడు వాడుకలో నున్నది. ఒక ప్రాంతపు పాఠశాలల భవనములు, స్థలములు, ఆటమైదానములు అన్నియు కలిపి ఒక ఆస్తిగ భావించి, దానిని స్కూల్ ఎస్టేటని వ్యవహరింతురు. ఏ బడిని పెంచవలెను, దేనిని బాగుచేయవలెను, దేనిని మూయవలెను, క్రొత్తది ఎచ్చట కట్టవలెను అని ముందుగ ఆలోచించుటయే ఆ ఆస్తి ప్రణాళిక. ఆ యాలోచనకంతకును మూలము ఒక్క సంఖ్య. ప్రతి బడియందును ఎందఱు పట్టుదురను సంఖ్య.

ఆ సంఖ్య ఇటుకలను సున్నమును బట్టి యేర్పడునని సామాన్యుల నమ్మకము. చరిత్రము చెప్పునది వేఱు. గోడలు కదలకయే ఆ సంఖ్య సగమునకు, మూడవ వంతునకు దిగిన సందర్భములు కలవు. ఎట్లు బోధింపవలెను, బాలునికి ఎంత గాలి, ఎంత చోటు ఈయవలెను అను మన నిర్ణయమే ఆ సంఖ్యను కట్టును, దించును. దీనికి ఇంగ్లండు చరిత్రమును దృష్టాంతముగ గైకొనుటకు రెండు కారణములు. అచ్చట లెక్కలు వ్రాతపూర్వకముగ నిలిచినవి. రెండవది, ఆ కథకు మొదలు మన చెన్నపట్టణమే.

స్కాట్లండువాడైన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు 1789లో చెన్నపట్టణపు ఎగ్మూరునందలి సైనికుల అనాథబాలుర ఆశ్రమమునకు అధ్యక్షుడయ్యెను. మన వీథియరుగుల బడులలో పిల్లలు ఇసుకపై వ్రేలితో అక్షరములు దిద్దుట ఆతడు చూచెను. ఆ పద్ధతిని తన యాశ్రమమున ప్రవేశపెట్టి, పెద్ద బాలురచేత చిన్న బాలురకు పాఠములు చెప్పించెను. ఇంగ్లండునకు మరలి 1797లో ఆ ప్రయోగమును గ్రంథముగ ప్రకటించెను. 1811లో ఆంగ్లేయ మతసంఘము పక్షమున నెలకొన్న నేషనల్ సొసైటీ ఈ మదరాసు పద్ధతినే అవలంబించెను. ఇంచుమించు ఆ కాలముననే జోసెఫ్ లాంకాస్టరు లండనులోని బరోరోడ్డునందు ఇట్టి బడినే నడపెను. ఒక్క యుపాధ్యాయుడు, ఆతని క్రింద పెద్ద బాలురు, ఒకే విశాలమైన సాల. ఇంతే సామగ్రి.

బోధనాపద్ధతి ఇట్టిదైనపుడు, కొలత కూడ దానికి తగినట్లే యుండును. లాంకాస్టరు 1809లో వ్రాసిన భవననిర్మాణ సూచనలలో, 70 అడుగుల పొడవు, 32 అడుగుల వెడల్పు గల సాలయందు 320 మంది బాలురు చదువవచ్చునని లెక్క వేసెను. భాగించి చూడుడు. ఒక్కొక్కనికి వచ్చునది 7 చదరపు అడుగులు. మన యిండ్లలో ఒక చిన్న చాపయంత చోటు. అందు బల్లయు, బాలుడును, నడుచుటకు దారియు అన్నియు నిముడవలెను. ఈ లెక్క తప్పని ఆనాడెవరును అనలేదు. పిల్లలు వరుసలుగ కూర్చుండి పలకపై వ్రాసి, గంట మ్రోగగానే లేచి గోడప్రక్క అర్ధచంద్రాకారముగ నిలిచి పాఠము అప్పగించు పద్ధతికి అంత చోటే చాలునని వారు నమ్మిరి.

1833లో ఆంగ్లేయ పార్లమెంటు పాఠశాలాభవనముల నిర్మాణమునకు మొట్టమొదటిసారి 20,000 పౌనులు మంజూరు చేసెను. వ్యయమునందు సగము ప్రజలు చందాలుగ కూర్చినచోటనే ఆ సహాయము లభించెడిది. రాజ్యము ద్రవ్యమిచ్చినంతనే, ఇచ్చిన ద్రవ్యమునకు ఎన్ని చోట్లు వచ్చినవి అను ప్రశ్న పుట్టెను. 1839లో విద్యాసమితి ఏర్పడి, జేమ్సు కే అను వైద్యుడు దానికి కార్యదర్శియయ్యెను. తరువాత కే-షటిల్వర్తని ప్రసిద్ధుడైనవా డితడే. మరుసటి సంవత్సరమే ఆ సమితి బడుల నమూనాపటములను ప్రకటించెను. కట్టడమును ఇచ్చవచ్చినట్లుగాక, ఒక ప్రమాణమును బట్టి కట్టవలెనను భావము రాజ్యముపక్షమున స్థిరపడినది అప్పుడే.

అటుపిమ్మట వచ్చినది 1870వ సంవత్సరపు ప్రాథమికవిద్యా శాసనము. ఫార్‌స్టరను మంత్రి ప్రవేశపెట్టుటచే ఆతని పేరిట ప్రసిద్ధము. ప్రతి ప్రాంతమునందును అచ్చటి బాలబాలికలకు చాలినన్ని చోట్లు బడులలో నుండవలెనని అది విధించెను. చాలినన్ని యని శాసనము పలికిన పిదప, ఎన్ని కలవు, ఎన్ని కావలెను అని లెక్కింపక తప్పదు గదా. ప్రతి ప్రాంతమునుండియు లెక్కలు తెప్పించిరి. కొఱతయున్నచోట ప్రజలచే నెన్నుకొనబడిన స్కూలుబోర్డు లేర్పడెను. లండను బోర్డునకు మొదటి అధ్యక్షుడు మనదేశమున 1864 నుండి 1869 వఱకు రాజప్రతినిధిగ నున్న లారెన్సుప్రభువు.

ఆ గణనమునందు మూడు విషయములు గమనింపదగినవి. మొదటిది, బడిపిల్లల సంఖ్యను జనసంఖ్యనుండి ఊహించుట. మొత్తము జనులలో ఆఱవ వంతు పిల్లలకు చోటు కావలెనని స్థూలముగ లెక్కించెడివారు. రెండవది, ఉన్న బడులన్నిటిని లెక్కలోనికి తీసికొనకపోవుట. వృద్ధస్త్రీలు తమ వంటయింట పదిమంది పిల్లలను కూర్చుండబెట్టుకొని నడపు బడులు వేలకొలది యుండెను. శాసనము కోరినది సమర్థమైన, తగినట్టి విద్యాసౌకర్యము కావున, తనిఖీకి నిలువని బడిలోని చోటు చోటుగ గణింపబడలేదు. మూడవది, చోటు ఎచ్చట నున్నదను విచారణ. ఒక పేటలో ఖాళీబల్లలున్నను, నడచిరాలేని దూరమున నున్న బాలునికి అవి లేనట్లే. ఇట్లు విచారింపగ లండనునగరమున సుమారు లక్ష చోట్లు కొఱతయని తేలెను. ఆ లక్షయే బోర్డు చేపట్టిన నిర్మాణములకు మూలము.

ఆనాటి నిబంధనావళి ప్రకారము ఒక్కొక్క బాలునికి కనీసము 8 చదరపు అడుగుల నేలయు, 80 ఘనపుటడుగుల గాలియు నుండవలెను. నేలతోపాటు గాలిని కూడ కొలుచుట గమనింపుడు. అందఱు నొక్కచోట శ్వాసించుటవలన పిల్లలు సోలిపోవుట ఉపాధ్యాయులెల్లరును ఎఱిగిన విషయమే. బోర్డువారు 1871లో ఇ. ఆర్. రాబ్సనను శిల్పిని నియమించిరి. ఆతడు పరదేశపు బడులను చూచి వచ్చి, 1874లో పాఠశాలాశిల్పమునుగూర్చి పెద్ద గ్రంథమును ప్రకటించెను. జర్మనుదేశమునందు ప్రతి తరగతికిని వేఱుగది, ప్రతి గదికిని వేఱు ఉపాధ్యాయుడు. ఇంగ్లండు సాలనుండి గదికి మెల్లమెల్లగ మఱలెను. శిశువులు క్రింద, బాలికలు బాలురు పైన ఉండునట్లు మూడంతస్తులుగ కట్టిన ఆ బోర్డుబడులు కొన్ని నేటికిని లండనున బడులుగనే నిలిచియున్నవి. శతాబ్ది ముగియునాటికి క్రొత్తబడులయందు పెద్దపిల్లలకు 10 చదరపు అడుగులు ప్రమాణమయ్యెను.

ఇచ్చట ఒక్కక్షణము నిలిచి, ఒక గదిని కొలిచి చూతము. దాని పొడవు 40 అడుగులు, వెడల్పు 20 అడుగులు, అనగా 800 చదరపు అడుగులు. లాంకాస్టరు లెక్కకు అందు 114 మంది. 1870 తరువాతి లెక్కకు 100 మంది. శతాబ్ది చివరి లెక్కకు 80 మంది. స్కాట్లండు ప్రభుత్వము 2014లో ప్రాథమిక పాఠశాలల సామర్థ్యనిర్ణయమునకు ప్రకటించిన మార్గదర్శకమున ఒక్కొక్క విద్యార్థికి 1.7 చదరపు మీటర్లు, అనగా 18 చదరపు అడుగులకు పైగ, చోటు చెప్పబడినది. ఆ లెక్కకు 43 మంది. అంతటితో నిలువదు. అచ్చట తరగతికి పరిమితి మొదటి సంవత్సరమున 25, రెండవ మూడవ సంవత్సరములలో 30, పై తరగతులలో 33. చోటును బట్టి వచ్చిన సంఖ్య, తరగతి పరిమితి, ఈ రెండింటిలో ఏది తక్కువయో అదియే గదియొక్క సామర్థ్యము. కాబట్టి అదే గదియందు నేడు పట్టువారు 33 మంది, చిన్నపిల్లలైనచో 25 మంది. 114 నుండి 25కు దిగివచ్చినను గోడ యొక్క అంగుళమైన జరుగలేదు. బాలుడనగా నెవరు, అతనికి ఏమి కావలెను అను మన యెఱుకయే మాఱినది.

సంఖ్య ఒక్కటియైనను అది దేనికి సంఖ్యయో తెలిసికొనవలెను. స్కాట్లండువారు 2003లో తమ పాఠశాలల ఆస్తినిగూర్చి జాతీయవిధానమును ప్రకటించిరి. అచ్చటి వాడుకలో ప్రణాళికా సామర్థ్యమొకటి, నడపు సామర్థ్యమొకటి. మొదటిది భవనము మొత్తముమీద ఎందఱికి చాలునను దీర్ఘకాలపు లెక్క. రెండవది ఈ సంవత్సరము ఏ తరగతికి ఎందఱు వచ్చిరి, ఎన్ని తరగతులను కలిపి నడపవలెను అనుదానిని బట్టి నిజముగ చేర్చుకొనగల సంఖ్య. రెండవది మొదటిదానికంటె తఱచుగ తక్కువయే. ఈ భేదము నెఱుగక, ప్రణాళికలోని సంఖ్యను చూపి చోటున్నది గదా యని పిల్లలను నెట్టిన, ఆ భారమును మోయువాడు ఉపాధ్యాయుడే. నా యుపాధ్యాయ జీవితమున ఒకచోట తరగతి రిజిస్టరులో అఱువది మంది పేర్లుండెడివి. గదికి చోటు చాలునని కాగితము చెప్పెడిది. వెనుకవరుసలోని వారికి మాత్రము నల్లబల్ల కనబడెడిది కాదు.

సంఖ్య నేటికి సరియైనను, రేపటికి సరియగునా యనునది మఱియొక ప్రశ్న. ఇంగ్లండునందు 1944 విద్యాశాసనము ప్రతి స్థానిక విద్యాధికారిని తన ప్రాంతపు అవసరముల నంచనావేసి, అభివృద్ధి ప్రణాళికను సమర్పింపుమని కోరెను. 1947లో బడి విడుచు వయస్సు 15కు పెరుగుటతో, తాత్కాలికముగ కాంక్రీటు పలకల గుడిసెలు వేసిరి. తాత్కాలికమనిన ఆ గుడిసెలలో కొన్ని దశాబ్దములు నిలిచినవి. ఇంగ్లండు వేల్సులయందు జననములు 1964లో 8,75,000 మించెను. 1977 నాటికి 5,69,000 దరిదాపులకు పడిపోయెను. పిల్లలు పెరిగినపుడు కట్టిన గదులు, తఱిగినపుడు ఖాళీయయ్యెను. మఱల 2000 తరువాత జననములు పెరిగి ప్రాథమిక పాఠశాలలలో చోటు చాలలేదు. 2020 తరువాత లండనులోనే పిల్లలు తఱిగి కొన్ని బడులు మూతపడినవి. నేడు పుట్టిన శిశువు అయిదేండ్లకు బడి వాకిట నిలుచును. కట్టడమో అఱువదేండ్లుండును. ఈ రెండింటి కాలమును పొందుపఱచుటయే ప్రణాళిక. ఆంధ్ర తెలంగాణములయందును పల్లెబడులు కొన్ని పిల్లలు లేక వెలవెలబోవుటయు, పట్టణపు బడులు క్రిక్కిఱియుటయు మన మెల్లరము చూచుచున్నదే. 2019లో ఆంధ్రప్రదేశమున నాడు-నేడు, 2022లో తెలంగాణమున మన ఊరు-మన బడి యను పేర్లతో ప్రభుత్వములు ప్రభుత్వపాఠశాలల మరమ్మతులకు, సౌకర్యములకు పూనుకొనుట ఉన్న ఆస్తిని ముందు చక్కబఱుపవలెనను యోచనకు నిదర్శనమే.

ఇక భవనము నిలిచియుండుటనుగూర్చి. 2016 జనవరిలో ఎడింబరోనగరమున ఒక ప్రాథమిక పాఠశాల గోడ గాలివానకు కూలెను. భగవదనుగ్రహమువలన ఆ సమయమున పిల్లలచ్చట లేరు. పరీక్షింపగ అదేవిధముగ కట్టిన మఱికొన్ని బడులయందు గోడలను పట్టియుంచు ఇనుపబందములు సరిగ లేవని తేలి, ఏప్రిలులో 17 పాఠశాలలను మూసివైచిరి. 2023 ఆగస్టు చివర, బుడగలుగల తేలికకాంక్రీటు పైకప్పులు అపాయకరములని ఇంగ్లండున నూఱుకు పైగ పాఠశాలలకు గదులు మూయవలసినదిగ ఉత్తరువులు వచ్చెను. కాగితముపై వేల చోట్లు, ఒక్కదినమున సున్న. కూలునట్టి గది గదికాదు, అందలి చోటు చోటుకాదు.

మనదేశమునకు ఈ పాఠమును నేర్పినది మఱింత ఘోరమైన దినము. 2004 జూలై 16న తమిళదేశపు కుంభకోణమున ఒక పాఠశాల వంటయింట పుట్టిన నిప్పు ఆకుల కప్పున కంటుకొని 94 మంది పిల్లలు ఆహుతులైరి. ఇఱుకు భవనము, ఇఱుకు దారి. ఎందఱు పట్టుదురని గాక, ఎందఱు బయటపడగలరని లెక్కింపవలసిన స్థలమది. సర్వోన్నత న్యాయస్థానము 2009 ఏప్రిలులో, సురక్షితమైన పాఠశాలయందు చదువుట బాలుని విద్యాహక్కులో భాగమని తీర్పు చెప్పెను. ఆ సంవత్సరమే వెలసిన విద్యాహక్కు శాసనము, అన్ని ఋతువులకును తాళగల భవనమును, ప్రతి యుపాధ్యాయునికి కనీసమొక గదిని, బాలురకు బాలికలకు వేఱువేఱు మరుగుదొడ్లను, త్రాగునీటిని విధించెను. ప్రాథమికతరగతులలో 60 మంది వఱకు ఇద్దఱు ఉపాధ్యాయులు, 90 వఱకు మువ్వురు, 120 వఱకు నల్వురు ఉండవలెను. ఉపాధ్యాయుడు లేని గది ఎంత విశాలమైనను కొట్టుగదియే గాని తరగతిగది కాదని దీని భావము.

ఇప్పుడు మన ప్రకృతమునకు వత్తము. ఒక దాత ఆఱుగదుల భవనమును కట్టించెననుకొందము. ఒక్కొక్కగది 25 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, అనగా 500 చదరపు అడుగులు. మేస్త్రి తలకు పది చదరపు అడుగులు వేసి, గదికి 50 చొప్పున 300 మంది పట్టుదురని చెప్పును. సభయందు ఆ సంఖ్యయే వినబడును. తలకు 1.7 చదరపు మీటర్ల లెక్కకు గదికి 27 మంది, ఆఱుగదులకు 162 మంది. అందొక గది కార్యాలయమునకు, ఒక గది పుస్తకములకు పోయినచో మిగిలినవి నాలుగు గదులు, 108 మంది. మున్నూటికిని నూటయెనిమిదికిని గల అంతరమే మన పిల్లల అసౌకర్యము. వసతిగృహమునకును ఇదియే న్యాయము. మంచములు ఎన్ని పట్టునని గాక, మంచముల నడుమ దారి, చదువుకొను బల్ల, స్నానాగారములు, వంటయిల్లు ఎందఱికి చాలునో చూచి, అన్నిటికంటె తక్కువ వచ్చిన సంఖ్యనే ఆ గృహముయొక్క సామర్థ్యముగ గ్రహింపవలెను. గొలుసు బలము దాని బలహీనపు కడియమును బట్టియే గదా.

సంస్కృతమున పాత్రశబ్దమునకు గిన్నె యనియు, తగినవాడనియు రెండర్థములు. గిన్నెకు మించి పోసిన పాలు నేలపాలగును. దానమునకు పాత్రుడైన బాలునికి, అతనిని ధరింపగల పాత్రమును మనమీయవలెను. ఇందులకై ఈ మహాసభ యెదుట నాలుగు మనవులు చేయుచున్నాను. మన సంఘము చేతనున్న ప్రతి బడిని, ప్రతి వసతిగృహమును ఒక్కసారి గజముబద్దతో కొలిపించి, బోధనకు పనికివచ్చు గదులను మాత్రమే లెక్కించి, ప్రతిదానికొక సంఖ్యను వ్రాయవలెను. గోడ, కప్పు, మెట్లు, దారి ఇంజనీరుచే పరీక్ష చేయించి, సరిలేని గదిని లెక్కనుండి తీసివేయవలెను. క్రొత్తది కట్టుటకు ముందు ఆ గ్రామమున గడచిన అయిదేండ్ల జననముల లెక్కను చూడవలెను. పిల్లలు తఱుగుచున్న యూర క్రొత్తగది కట్టుటకంటె, ఉన్నగదికి కప్పు వేయించి మరుగుదొడ్డి కట్టించుట దాతకు తక్కువ పేరు తెచ్చినను, బాలికకు ఎక్కువ మేలు చేయును. నాలుగవది చిన్నది. భవనముపై చెక్కించు శిలాఫలకమున దాత నామధేయము, సంవత్సరము ఎట్లును ఉండును. దాని క్రింద మఱియొక పంక్తి యుండవలెను. ఇందు ఇందఱు విద్యార్థులు మాత్రమే చదువదగుదురని ఆ పంక్తి చెప్పవలెను. నిర్వాహకులు మాఱినను, ప్రవేశముల ఒత్తిడి పెరిగినను, ఆ శిల మాత్రము సాక్ష్యము పలుకుచుండును.

పెద్దలు ఈ మనవులను విషయనిర్ధారణసంఘమున ఆలోచించి, తీర్మానముగ సభ యెదుటికి తెత్తురుగాక.